ఉజ్జీవము తరువాత వేల్స్: 1919–1939 మధ్య సంఘము, సాహిత్యము, పాపమను మాట

ఉపోద్ఘాతము

మన తెలుగు సంఘాలలో వేల్స్ దేశము పేరు వినని విశ్వాసులు తక్కువ. బొగ్గు గనిలో పనిచేసి, కమ్మరి పని నేర్చి, సేవకు సిద్ధపడుతున్న 26 ఏళ్ల ఇవాన్ రాబర్ట్స్, 1904లో ఆయన ప్రార్థన, తెల్లవార్లు సాగిన కూటములు, ఖాళీ అయిన సారా దుకాణములు మన ఉజ్జీవ ప్రసంగీకులకు కంఠస్థము. గని కార్మికులు రక్షణ పొంది బూతులు మానివేయగా, ఆ బూతులకే అలవాటుపడిన గని గుర్రములు ఆజ్ఞలు అర్థము కాక నిలబడిపోయాయను కథను మేము కూడా అనేక వేదికల మీద చెప్పాము.

ఆ ఉజ్జీవమునకు మనము ఋణస్థులమే. వేల్స్ మిషనరీలు 1841 నుండి సేవ చేసిన ఖాసీ కొండలలో 1905లో ఉజ్జీవము కలిగినది. 1906లో మన తెలుగు బాప్తిస్టు సంఘాలలోను ఆ కదలిక కనబడినది. అయితే మన ప్రసంగాలలో వేల్స్ చరిత్ర 1905తో ఆగిపోతున్నది. ఉజ్జీవములో కన్నీరు కార్చిన ఆ తరము వారు, వారి పిల్లలు ఆ తరువాత ముప్పది ఏండ్లలో ఏమయ్యారు? ఈ ప్రశ్నను మేము ఏ ఉజ్జీవ కూటములోను వినలేదు, మేము కూడా అడుగలేదు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య వేల్స్ ప్రజా జీవితమును, సాహిత్యమును ఈ ప్రశ్నతో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము. కవి గ్వెనాల్ట్, నాటకకర్త సాండర్స్ లూయిస్ అను ఇద్దరు రచయితలను ఇందుకు ముఖ్య సాక్షులుగా తీసుకొంటున్నాము.

1. గెలిచిన పోరాటము, ఖాళీ అయిన లోయలు

వేల్స్‌లో స్వతంత్ర సంఘాలను, అనగా కాల్వినిస్టు మెథడిస్టు, కాంగ్రిగేషనల్, బాప్తిస్టు, వెస్లియన్ సంఘాలను, 'చాపెల్' అను ఒక్క మాటతో పిలిచేవారు. ఆంగ్లికన్ సంఘమునకు ప్రభుత్వ మతమను హోదా తీసివేయవలెనని చాపెల్ ప్రజలు దశాబ్దాల పాటు పోరాడారు. అందుకు చట్టము 1914లో వచ్చినది, యుద్ధము వలన 1920లో అమలైనది. అయితే అప్పటికే ప్రజల మనసు వేరొక చోట ఉన్నది. 1922 ఎన్నికలలో వేల్స్‌లోని 36 స్థానాలలో 18 లేబర్ పార్టీకి వచ్చాయి. చాపెల్ పెద్దల లిబరల్ పార్టీ కాలము గడిచిపోతున్నదని అందరికీ తెలిసినది.

1920లో దక్షిణ వేల్స్ బొగ్గు గనులలో సుమారు 2,71,000 మంది పనిచేసేవారు. 1930ల చివరకు ఆ సంఖ్య దాదాపు సగమయినది. 1926లో గని యజమానులు జీతాలు తగ్గించి గనులకు తాళము వేయగా కార్మికులు ఏడు నెలలు ఆకలితో నిలబడి ఓడిపోయారు. 1930లో డౌలైస్ ఉక్కు కర్మాగారము మూతబడినది. 1932లో బీమా ఉన్న పురుష కార్మికులలో పదిమందికి సుమారు నలుగురికి పని లేదు. రెండు యుద్ధాల మధ్య సుమారు నాలుగు లక్షల మంది వేల్స్ విడిచి ఇంగ్లండు పట్టణాలకు వలస వెళ్ళారు. పడుచువారే ముందు వెళ్ళారు. ఆదివార పాఠశాలల నుండి, గాయక బృందాల నుండి వెళ్ళినది వారే.

భాష కూడా అదే దారిలో నడిచినది. జనాభా లెక్కల ప్రకారము వెల్ష్ మాట్లాడేవారు 1911లో 43.5 శాతము, 1921లో 37.1 శాతము, 1931లో 36.8 శాతము. అయినను ఆ కాలమును మరణకాలమని మాత్రమే వర్ణించుట సరికాదు. 1922లో ఇవాన్ ఆబ్ ఓవెన్ ఎడ్వర్డ్స్ బాలబాలికల కొరకు 'ఇర్ద్' సంఘమును స్థాపించారు. అదే ఏడు గ్విలిమ్ డేవీస్ అను బాప్తిస్టు దైవసేవకుడు వేల్స్ పిల్లల నుండి లోకములోని పిల్లలకు శాంతి సందేశము పంపు ఆచారమును ప్రారంభించారు. 1923–24లో 3,90,296 మంది వేల్స్ స్త్రీలు యుద్ధము వద్దని సంతకాలు చేసి, ఆ విన్నపమును అమెరికా స్త్రీలకు పంపారు. ఆ కాగితాలు 2023లో తిరిగి వేల్స్ జాతీయ గ్రంథాలయమునకు చేరాయి. ఈ పనులలో చాపెల్ ప్రజలు ముందు ఉన్నారు. 1935లో నిరుద్యోగ భృతి నిబంధనలకు విరోధముగా లక్షలాది మంది వీధులలోకి వచ్చినప్పుడు చాపెల్ సభ్యులు కూడా నడిచారు. కావున సంఘము నిద్రపోయినదని చెప్పుట అన్యాయము. అది చేతులతో చాలా చేసినది. దాని నోట ఏ మాట వచ్చినది, ఏ మాట రాలేదు అన్నదే మా ప్రశ్న.

2. ఒక భూస్థాపన ప్రసంగము

డి. గ్వెనాల్ట్ జోన్స్ 1899లో దక్షిణ వేల్స్‌లోని స్వాన్సీ లోయలో జన్మించారు. కాల్వినిస్టు మెథడిస్టు కుటుంబము, చాపెల్ పెంపకము. యౌవనములో మార్క్సువాది అయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధములో ఆయుధము పట్టనని నిరాకరించి 1917 నుండి 1919 వరకు చెరలో ఉన్నారు. 1927లో ఆయన తండ్రి కర్మాగారములో కరిగిన లోహము మీదపడి కాలిపోయి మరణించారు.

ఆ భూస్థాపనను గూర్చి గ్వెనాల్ట్ 1943లో తన విశ్వాసమును వివరించిన వ్యాసములో వ్రాశారు. ఇది దేవుని చిత్తము అని బోధకుడు చెప్పగా, గనులలో గుర్రపు బండ్లు తోలేవారి తిట్లన్నీ ఆ ప్రసంగము మీద, ఆ దేవుని మీద తాను కుమ్మరించానని ఆయన ఒప్పుకొన్నారు. గుర్రములకు అర్థము కాకుండా పోయిన బూతులను గూర్చి మనము కథలు చెప్పుకొంటాము. ఇరవై మూడు ఏండ్ల తరువాత అవే బూతులు చాపెల్‌లో పెరిగిన ఒక కుమారుని నోటికి ప్రార్థనకు బదులుగా వచ్చినవి. ఈ రెండవ కథను చెప్పకుండా మొదటి కథను చెప్పుట సగము సాక్ష్యము మాత్రమే.

ఆ బోధకుడు దుష్టుడు కాడు. ఆయన చెప్పినది మనము కూడా చెప్పుచున్న మాటయే. మేము కాపరత్వమునకు వచ్చిన తొలి ఏండ్లలో, రాతి క్వారీలో బండ దొర్లి చనిపోయిన ఒక యువకుని భూస్థాపనలో మేము అదే మాట చెప్పాము. ఆ బండకు ముందే పగులు ఉన్నదని, తోటి కూలీలు మేస్త్రీకి చెప్పారని మాకు తెలుసు. అయినను చెప్పాము, ఎందుకనగా ఆ మాట చెప్పినచో ఎవరికీ కోపము రాదు. ఆ యువకుని తల్లికి వచ్చినది. ఆమె మరల ఆరాధనకు రాలేదు. గ్వెనాల్ట్ వ్యాసమును గూర్చి చదివిన నాడు ఆమె మాకు జ్ఞాపకము వచ్చినది.

సిలోయము గోపురము పడి చనిపోయిన పదునెనిమిది మందిని గూర్చి (లూకా 13:4) ప్రభువు మాట్లాడినప్పుడు, ఆ మరణమును చనిపోయినవారి పాపమునకు లెక్క కట్టలేదు. బ్రదికియున్నవారిని మారుమనస్సుకు పిలిచారు. ఆ భూస్థాపన ప్రసంగములో లోపించినది ఈ పిలుపే. పరిశ్రమలో ఒక కార్మికుడు చనిపోయినప్పుడు మనుష్యుల నిర్లక్ష్యమును, లాభాపేక్షను పాపమని పేరు పెట్టి పిలువవలసిన ప్రసంగ పీఠము, దానిని దేవుని చిత్తమని పిలిచినది. 1904లో మద్యము, బూతులు, జూదము పాపమని చెప్పిన నోటికి 1927లో ఈ పాపమునకు పేరు దొరకలేదు.

3. పాపమను మాట ఎవరి చేతికి వెళ్ళినది?

దీనికి వేదాంత కారణము కూడా ఉన్నది. అప్పటి వేల్స్ వేదాంత కళాశాలలలో ఉదార వేదాంతము బలముగా ఉండెను. బ్రెకన్‌లో బోధించిన డి. మియల్ ఎడ్వర్డ్స్ దాని శ్రేష్ఠ ప్రతినిధి. 1929లో ఆయన వెల్ష్ భాషలో క్రమబద్ధ వేదాంత గ్రంథమును ప్రకటించారు. సమాజ సంస్కరణను, భాషను ప్రేమించిన ఆ పండితుని మేము చులకన చేయము. తల్లి భాషలో వేదాంతము వ్రాయుట ఎంత కష్టమో తెలుగులో వ్రాయువారికి తెలుసు. అయితే ఆ వేదాంతమునకు మానవుని అభివృద్ధి మీద నమ్మకము ఎక్కువ, పాపము యొక్క లోతు మీద పట్టు తక్కువ. యుద్ధమును, నిరుద్యోగమును చూచిన తరమునకు అది చాలలేదు. బాలా–బాంగోర్ కళాశాలలో జె. ఇ. డానియేల్ కార్ల్ బార్త్ వేదాంతమును ప్రవేశపెట్టి దీనిని ఎదిరించారు.

అయితే కళాశాలకు వెలుపల ఈ విమర్శ చేసినవాడు ఒక నాటకకర్త. సాండర్స్ లూయిస్ 1893లో కాల్వినిస్టు మెథడిస్టు బోధకుని ఇంట పుట్టారు. 1927లో ఆయన పద్దెనిమిదవ శతాబ్దపు కీర్తనకారుడు విలియమ్స్ పాంటికెలిన్ మీద విమర్శ గ్రంథము ప్రకటించారు. వేల్స్ ప్రజలు భక్తితో మాత్రమే చూచిన ఆ కీర్తనకారుని ఆయన ఆధునిక మనస్తత్వ శాస్త్రపు వెలుగులో చదివారు. మెథడిస్టుల 'సెయత్' అను అనుభవ కూటమును, అనగా విశ్వాసులు తమ లోపలి స్థితిని దాచకుండా చెప్పుకొను కూటమును, మనసు వ్యాధిని బయటపెట్టి బాగుచేయు స్థలముగా చూపించారు. పాంటికెలిన్‌ను మితిమీరి మన కాలపు మనిషిగా చేశారని ఆ గ్రంథము మీద ఒక ఆక్షేపణ ఉన్నది. అది కొంత నిజమే. అయినను ఒక ముఖ్య విషయమును ఆయన సరిగా పట్టుకొన్నారు. ఆ కీర్తనల బలము రాగములో మాత్రమే లేదు, పాపి తన్ను తాను దాచుకొనకుండుటలో ఉన్నది.

అదే ఏడు డబ్ల్యు. జె. గ్రఫీద్ సంపాదకుడుగా ఉన్న సాహిత్య పత్రికలో, ఆయనకే వ్రాసిన బహిరంగ లేఖలో, లూయిస్ తన వాదనను ముందుకు తీసుకొనిపోయారు. నేటి వేల్స్ క్రైస్తవ్యము పాపమను స్పృహను పోగొట్టుకొన్నది, దాని వలన మతమునకే గాక సాహిత్యమునకు కూడా నష్టము అని ఆయన భావము. 1932లో ఆయన రోమన్ కతోలిక సంఘములో చేరారు. మేము ఆ దారిని అనుసరింపము. అయితే ఆయన విడిచిన ఇంటిలో ఏమి కరువైనదని మన ప్రొటెస్టెంటు సంఘములు అడుగవలసి యున్నది.

ఆ మరుసటి ఏడు, 1928లో, రెండు సంగతులు జరిగాయి. ట్రియోర్కీలో జరిగిన జాతీయ ఐస్టెద్‌వొద్ అను సాహిత్యోత్సవములో గ్వెనాల్ట్ 'పరిశుద్ధుడు' అను అర్థమిచ్చు కవితను పోటీకి పంపారు. శరీర వాంఛతో పోరాడి పరిశుద్ధతకు చేరిన ఒక మనిషి ఒప్పుకోలు అది. న్యాయనిర్ణేతలు అందులో అసభ్యత ఉన్నదని ఆ ఏడు కవిపీఠమును ఎవరికీ ఇవ్వలేదు. సాండర్స్ లూయిస్ ఆ కవితను సమర్థించారు. అదే ఏడు టంబుల్ అను గని గ్రామములో సేవ చేయుచున్న టామ్ నెవిన్ విలియమ్స్ అను కాల్వినిస్టు మెథడిస్టు బోధకుడు, సిద్ధాంత భేదముల కారణముగా పరిచర్య నుండి తొలగింపబడ్డారు. ఆయన కార్మికుల బ్రతుకు స్థితిని గూర్చి గట్టిగా మాట్లాడినవాడు. కొన్ని ఏండ్లకు ఆయన తిరిగి తన సంఘములోనికి వచ్చారు.

సిద్ధాంతమును కాపాడుట సంఘము బాధ్యత అని మేము నమ్ముచున్నాము. టామ్ నెవిన్ బోధ అంతటిని మేము సమర్థింపము. అయితే ఈ రెండు సంగతులను ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలెను. శరీర పాపమును దాచకుండా చెప్పి పరిశుద్ధతను కోరిన కవికి పీఠము దక్కలేదు. కార్మికుల బాధను పలికిన బోధకునికి ప్రసంగ పీఠము దక్కలేదు. మర్యాదను పరిశుద్ధత అని పొరబడిన సమాజములో ఈ రెండు మాటలకు చోటు లేకపోయినది.

4. పెనిబెర్త్ మంట

1925 ఆగస్టులో పుల్హెలి పట్టణములో, ఐస్టెద్‌వొద్ సందర్భముగా, వేల్స్ జాతీయ పార్టీ ఏర్పడినది. దాని తొలి అధ్యక్షుడు లూయిస్ వాలెంటైన్, ల్లండిడ్నోలో బాప్తిస్టు కాపరి. 1929లో ఆయన ఆ పార్టీ తొలి పార్లమెంటు అభ్యర్థిగా నిలిచి 609 ఓట్లు పొందారు.

1930ల మధ్యలో బ్రిటిషు ప్రభుత్వము లీన్ ద్వీపకల్పములోని పెనిబెర్త్ అను చోట బాంబులు వేయుట నేర్పు విమాన శిక్షణ కేంద్రమును కట్టుటకు నిశ్చయించినది. ఇంగ్లండులో ఇతర చోట్ల అభ్యంతరములు రాగా వెనుకకు తగ్గిన ప్రభుత్వము, వేల్స్ ప్రజల అభ్యంతరమును లెక్కచేయలేదు. ప్రధాని బాల్డ్విన్ వారి ప్రతినిధులను కలియుటకు కూడా ఒప్పుకొనలేదు. 1936 సెప్టెంబరు 8 తెల్లవారకముందు సాండర్స్ లూయిస్, వాలెంటైన్, ఉపాధ్యాయుడైన డి. జె. విలియమ్స్ అక్కడి కట్టడ సామగ్రికి నిప్పు పెట్టి, పోలీసు స్టేషనుకు వెళ్ళి తామే చేశామని లేఖ ఇచ్చారు. అక్టోబరులో కేర్‌నార్వన్ న్యాయస్థానములో జ్యూరీ ఏకాభిప్రాయమునకు రాలేదు. కేసును లండనుకు మార్చి 1937 జనవరిలో ముగ్గురికి తొమ్మిది నెలల చెర విధించారు. లూయిస్ అధ్యాపక ఉద్యోగము తీర్పుకు ముందే పోయినది. వాలెంటైన్ శిక్ష తరువాత మరల తన సంఘమునకే వచ్చి 1947 వరకు సేవ చేశారు.

కేర్‌నార్వన్‌లో లూయిస్ జ్యూరీ ఎదుట చేసిన ప్రసంగము ఆ కాలపు వేల్స్ చరిత్రలో ముఖ్యమైనది. ప్రభుత్వము కూడా నైతిక ధర్మమునకు లోబడియున్నది, ఆ ధర్మమును ప్రభుత్వము మీరినప్పుడు విధేయత పాపమగును అని ఆయన వాదించారు. ఇది తర్కము నిండిన ప్రసంగము, అందులో కేకలు లేవు. ముగ్గురు పారిపోకుండుట, శిక్షను అంగీకరించుట ఆ వాదనకు బలమిచ్చాయి.

అయితే ఒక కాపరి నిప్పు పెట్టవచ్చునా? వాలెంటైన్ మొదటి యుద్ధములో వైద్య దళములో పనిచేసి గాయపడినవాడు. యుద్ధమును తన శరీరములో ఎరిగినవాడు. మనుష్యులను చంపుట నేర్పు పాఠశాలకు విరోధముగా ఆయన నిలువుట సువార్తకు తగినదేనని మా అభిప్రాయము. కాని ఆ రాత్రి అక్కడ ఉన్న కావలివాడు తనను పట్టుకొన్నారని సాక్ష్యము చెప్పాడు, ముగ్గురూ దానిని ఖండించారు. ఆ వివాదము నేటికీ తేలలేదు. మంట అనునది పెట్టినవారి చిత్తము మీద మాత్రమే నడువదు. బాధపడుటకు సిద్ధపడిన వారి ధైర్యమును గౌరవించుచునే, ఆ పద్ధతిని మేము మాదిరిగా చూపలేము.

లూయిస్ విచారణ కొరకు ఎదురు చూచుచు వ్రాసిన రేడియో నాటకము 'గర్మోను జీవితము' 1937 మార్చిలో, ఆయన చెరలో ఉండగా, ప్రసారమైనది. దాని కథ ఐదవ శతాబ్దములో పెలాగియసు బోధను ఎదిరించుటకు బ్రిటనుకు వచ్చిన బిషప్పును గూర్చినది. మనుష్యుడు కృప లేకుండ తన శక్తితో మంచివాడు కాగలడను పెలాగియసు బోధ మన వేదాంత విద్యార్థులకు తెలిసినదే. 1927లో తాను ఎత్తిన ప్రశ్నను లూయిస్ 1937లో వేదిక మీదికి తెచ్చారు. ప్రసంగ పీఠము విడిచిన పాపమను మాట నాటకములోనికి చేరినది.

5. ప్రేమించిన జనము, చూడని జనము

ఇంతవరకు లూయిస్‌ను మెచ్చుకొన్నాము. ఇక ఆయన మీద మా ఆక్షేపణ. 1930ల తొలి భాగములో ఆయన ప్రకటించిన పార్టీ సూత్రాలలో, వేల్స్ నైతిక ఆరోగ్యము కొరకు దక్షిణ ప్రాంతమును పరిశ్రమల నుండి విడిపించి వ్యవసాయమునకు మరల్చవలెనను భావము ఉన్నది. పని లేక ఆకలితో ఉన్న గని కార్మికునికి అది ఓదార్పు కాదు. 1939 నాటి ఒక దీర్ఘ కవితలో ఆయన లోయలలోని నిరుద్యోగులను జాలి కంటె ఏవగింపుతో ఎక్కువ వర్ణించారు. ఆర్థిక సంక్షోభమును చెప్పుచు యూదులను కించపరచు మాటలు కూడా వాడారు. ఆ కాలములో యూదులకు ఐరోపాలో ఏమి జరుగుచున్నదో ఎరిగినవారు ఆ పంక్తులను క్షమించి దాటిపోలేరు. ఇతరుల పాపమును ఇంత స్పష్టముగా చూచినవాడు, తన కలములోని పాపమును చూడలేకపోయాడు.

మరి ఆ లోయల పక్షమున మాట్లాడినవారెవరు? కార్మిక నాయకుడు ఎ. జె. కుక్ చిన్ననాట బాప్తిస్టు బోధకుడు. 1936లో దక్షిణ వేల్స్ గని కార్మికుల సమాఖ్య అధ్యక్షుడైన కమ్యూనిస్టు ఆర్థర్ హార్నర్ యౌవనములో బోధకుని శిక్షణ పొందినవాడు. ఇద్దరూ ప్రసంగ పీఠము నుండి యూనియను వేదికకు వెళ్ళారు. గని కార్మికుడైన కవి ఇడ్రిస్ డేవీస్ 1938లో ఆంగ్లములో ఆ లోయల పాడుబడిన స్థితిని వ్రాశారు. ఆకలిని గూర్చి న్యాయము పలుకుటకు సంఘము పిల్లలు సంఘము వెలుపలికి వెళ్ళవలసి వచ్చినది.

ఈ రెండు మాటలను, పాపమును ఆకలిని, ఒక్క నోట పలికినవాడు గ్వెనాల్ట్. 1939లో వచ్చిన ఆయన కవితా సంపుటిలో పాపము మీద ఒక సానెట్ ఉన్నది. నాగరికతను, చదువును వస్త్రములవలె తీసివేస్తే లోపల మృగమే ఉన్నదని, ఆ మృగమే విమోచించు రక్తము కొరకు అరచుచున్నదని దాని భావము. అది చాపెల్‌లో నేర్చిన సిద్ధాంతమే, కాని చాపెల్ అప్పుడు చెప్పని పద్ధతిలో చెప్పినది. ఆయన తన తండ్రిని కాల్చిన లోహమును మరువలేదు. దేవుని తిట్టిన ఆ కుమారుడు క్రీస్తునొద్దకు తిరిగి వచ్చినది ఉజ్జీవ కూటముల జ్ఞాపకముతో కాదు, తనలోను లోకములోను ఉన్న పాపమును ఒక్కటిగా గుర్తించుట వలన. అందుచేత ఆ కాలపు వేల్స్ సాహిత్యములో లూయిస్ గొప్ప మేధావి అయినను, సంఘమునకు ఎక్కువ మేలు చేయు సాక్షి గ్వెనాల్ట్ అని మా నిర్ణయము.

ముగింపు

2021 జనాభా లెక్కలలో వేల్స్ ప్రజలలో 46.5 శాతము మంది తమకు ఏ మతము లేదని వ్రాశారు. వెల్ష్ మాట్లాడేవారు 17.8 శాతము. ఈ మార్పులకు అనేక కారణములున్నవి, ఒక భూస్థాపన ప్రసంగము మీద భారమంతా మోపలేము. ఉజ్జీవము అబద్ధమని కూడా మేము చెప్పుట లేదు. అది దేవుని కార్యమని నమ్ముచున్నాము. కాని ఉజ్జీవము పొందిన సంఘము తరువాతి దినములలో ఏ పాపమునకు పేరు పెట్టును, ఏ పాపమును దేవుని చిత్తమని పిలుచును అనుదానిని బట్టి దాని పిల్లలు దానిలో నిలుచుదురో వెళ్ళుదురో తేలును.

కావున మన కూటములలో ఇవాన్ రాబర్ట్స్ పేరు చెప్పు సోదర బోధకులకు మా విన్నపము: గని గుర్రముల కథను మానవద్దు. దానితోపాటు గ్వెనాల్ట్ తండ్రి భూస్థాపనను కూడా చెప్పండి. ఆ తరువాత పనిలో చనిపోయిన ఒక కూలీ శవపేటిక యొద్ద నిలువవలసి వచ్చినప్పుడు, నోరు తెరచుటకు ముందు లూకా 13వ అధ్యాయమును ఒకసారి చదువండి. క్వారీలో చనిపోయిన ఆ యువకుని తల్లి యొద్దకు మేము చాలా ఆలస్యముగా వెళ్ళాము. ఆమె మమ్మును లోపలికి రమ్మన్నది, మంచినీళ్లు ఇచ్చినది. ఆనాటి మాటను గూర్చి మేము క్షమాపణ అడిగిన పిదప ఆమె చాలాసేపు ఏమియు పలుకలేదు. తరువాత తన కుమారుని పేరు చెప్పి, ప్రార్థన చేయుమన్నది.